క్యాలెండర్ కాగితం మీద మసి

మా అపార్ట్‌మెంటుకు వారానికి మూడుసార్లు తెల్లవారుజామున అయిదున్నరకు నీళ్ల లారీ వస్తుంది. మాధవరంలో ఇది మామూలే. సంపు మూత తీసిన చప్పుడు, గొట్టం ఈడ్చిన చప్పుడు, తర్వాత నీళ్లు పడే చప్పుడు. నిద్రలోనే విని పక్కకు తిరిగి పడుకుంటాం. పోయిన ధనుర్మాసంలో ఒక రోజు మాత్రం నన్ను చప్పుడు లేపలేదు, వాసన లేపింది.

మాడిన ఇంజిన్ ఆయిల్ వాసన. డీజిల్ వాసన వేరు, అది ముక్కులో గుచ్చుతుంది. ఇది గొంతులో జిడ్డులా ఆగిపోతుంది. నేను కళ్లు తెరవకుండానే "నీలం" అన్నానంట. మా ఆవిడ తర్వాత చెప్పింది.

బాల్కనీలోకి వచ్చి చూశాను. పాత టాటా టర్బో బండి. ఏళ్ల తరబడి సరుకు తోలి, వయసు మళ్లాక వీపు మీద నీళ్ల ట్యాంకు కట్టించుకున్న బండి. చెన్నైలో చాలా లారీల చివరి ఉద్యోగం ఇదే. సెల్ఫ్ సరిగా లేదేమో, డ్రైవరు ఇంజిన్ ఆపకుండానే నీళ్లు వదులుతున్నాడు. సైలెన్సర్ నుంచి పొగ సన్నగా లేచి, మా కాంపౌండు గోడ నీడ ముందుకు వచ్చేసరికి నీలంగా కనిపించింది.

అట్లా నిలబడి పొగను చూసి ఎన్నేళ్లయిందో. మేస్త్రి మామ పోయి రెండేళ్లు.

* * *

మాది నాయుడుపేట పక్క పల్లె. ఇప్పుడు తిరుపతి జిల్లా అంటున్నారు, అప్పుడు నెల్లూరు జిల్లానే. మా నాయన లారీ డ్రైవరు. తర్వాత అప్పు చేసి ఒక సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు. టాటా 1613 టర్బో, ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజిన్. నెల్లూరు నుంచి రెడ్‌హిల్స్ రైస్ మిల్లులకు వడ్లు, బియ్యం తోలేవాడు. తడ దాటితే తమిళనాడు, గుమ్మిడిపూండి, రెడ్‌హిల్స్, అక్కడి నుంచి మాధవరం, మూలకడై. జీఎన్‌టీ రోడ్డు, అంటే మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే ట్రంక్ రోడ్డు, పొడుగునా మనవాళ్ల టీ కొట్లు, మనవాళ్ల పంచర్ షాపులు ఉండేవి. మద్రాసు వెళ్తున్నా అని నాయన అంటే మాకు అది పొరుగూరే అనిపించేది.

ఒక ఏడాది ఆ బండి నీలం పొగ కొట్టడం మొదలుపెట్టింది. రెడ్‌హిల్స్‌కు రానూ పోనూ లీటరు ఆయిల్ తాగేది. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే, రింగులు పోయాయి, అంటే పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపే కట్లు అరిగాయి, ఇంజిన్ మొత్తం విప్పాలి అన్నారు. ఈ ఇంజిన్‌కు లైనర్లు, అంటే అరిగితే మార్చుకునే సిలిండర్ తొడుగులు, ఉండవు. బ్లాకులోని సిలిండర్లనే తొలిచి, అంటే బోరింగ్ చేసి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. చిన్న ఖర్చు కాదు. అమ్మ గాజులు నాలుగూ తాకట్టుకు పోయాయి. బండి ఇరవై రోజులు నిలిచిపోయింది.

ఇంజిన్ పని అయిపోయి బండి తీసుకొచ్చిన మూడో రోజే మళ్లీ నీలం పొగ. కొత్త ఇంజిన్ గదా, సర్దుకుంటుందిలే అన్నారంట. సర్దుకోలేదు. నాయన మూలకడై దగ్గర టీ తాగుతూ ఎవరితోనో ఈ గోడు చెప్పుకుంటుంటే, "పక్క సందులో పొగ మేస్త్రి ఉన్నాడు, ఒకసారి చూపించు" అన్నారు. సెలవులకు నేనూ బండిలో వచ్చి ఉన్నాను. అట్లా మేస్త్రి మామను మొదటిసారి చూశాను.

తాటాకు షెడ్డు, నూనెతో నల్లబడిన నేల, వెనకాల పెద్ద వేపచెట్టు. మామ స్పానర్ పట్టుకోలేదు. బండిని వెనక్కు తిప్పించి, సైలెన్సర్ కొస వేపచెట్టు నీడ ముందుకు వచ్చేలా నిలబెట్టించాడు. నాయనకు అర్థం కాలేదు. తర్వాత రోజుల్లో నాకు మామే చెప్పాడు: వెనకాల ఆకాశం ఉంటే నీలం పొగ కూడా గోధుమ రంగులో కనిపిస్తుంది, వెనకాల చీకటి ఉంటేనే దాని అసలు రంగు తెలుస్తుంది అని. అందుకే ఆయన మిట్ట మధ్యాహ్నం ఏ బండి పొగా చూసేవాడు కాదు. పొద్దునో, సాయంత్రమో రమ్మనేవాడు.

నాయనను ప్రశ్నలు అడిగాడు. పొద్దున స్టార్ట్ చేయగానే వస్తుందా? లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడా? స్లోలో నిలబెట్టి మళ్లీ రేసు ఇచ్చినప్పుడా?

"టీ తాగడానికి ఆపి, స్లోలో ఉంచి, మళ్లీ రేసు ఇస్తే వెనకాల రోడ్డు కనపడదు మేస్త్రీ" అన్నాడు నాయన.

మామ తల ఊపి, ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పాడు. దాన్ని తిరగేసి అదే రంధ్రం మీద ఊరికే బోర్లించాడు. రింగులు పోయిన ఇంజిన్ అయితే లోపలి గ్యాస్ పైకి తన్ని మూతను ఎగరగొడుతుంది. నాయన బండి మూత కొంచెం వణికింది, అంతే.

"ఇంజిన్‌కు జబ్బు లేదు. రింగులు బ్రహ్మాండంగా కూర్చున్నాయి" అన్నాడు.

టర్బో అంటే ఎగ్జాస్టు పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే చక్రం. తర్వాత దాని నుంచి ఇంజిన్‌కు గాలి పోయే గొట్టం విప్పాడు. లోపల వేలు పెడితే ఆయిల్ తడి. ఎగ్జాస్టు వైపు విప్పితే, సిలిండర్ల పొగ బయటకు వచ్చే మానిఫోల్డు రంధ్రాలు ఆరూ పొడిగా, బూడిద రంగులో ఉన్నాయి. టర్బో దాటాక సైలెన్సర్‌కు పోయే మూతి మాత్రం నల్లగా తడిగా మెరుస్తోంది. ఇంజిన్ నుంచి వచ్చే దారి పొడిగా ఉండి, టర్బో దాటాక తడి ఉంటే ఆ ఆయిల్ ఎక్కడిదో ఇంక చెప్పక్కర్లేదు.

నాయన ముఖం పాలిపోయింది. ఇంజిన్ ఖర్చు అయ్యాక ఇప్పుడు టర్బో ఖర్చా? మామ టర్బో ఇరుసును రెండు వేళ్లతో పట్టుకుని కదిపాడు. అటూ ఇటూ వెంట్రుకవాసి ఊగింది. ముందుకూ వెనక్కూ కదల్లేదు. "ఇదీ మంచిదే" అన్నాడు. చివరికి టర్బో కింద ఉండే లావాటి పైపు విప్పాడు.

టర్బోకు ఆయిల్ పైనుంచి సన్నటి పైపులో ప్రెషర్‌తో వస్తుంది. పని చేశాక కిందకు మాత్రం తన బరువుతో తానే జారి ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ సంపులోకి పోవాలి. అందుకే కింది పైపు అంత లావు. టర్బోలో ఉండేవి రబ్బరు సీళ్లు కావు, సన్నటి ఇనుప రింగులు. కింద దారి మూసుకుపోతే ఆయిల్ నిండిపోయి ఆ రింగులు దాటి రెండు పక్కలకూ కారుతుంది. అంతకు ఆరు నెలల ముందు దారిలో ఒక చోట టర్బో విప్పి బిగించినప్పుడు ఆ పైపు అంచుకు గ్యాస్‌కెట్ పేస్ట్ ఎక్కువ పూశారు. అది లోపలికి పిసుక్కుపోయి, గట్టిపడి, బొటనవేలంత దారిని పెన్సిలంత చేసింది. పెద్ద వర్క్‌షాపులో టర్బోను ఆ పైపుతో సహా విప్పి, ఆ పైపుతో సహానే బిగించారు.

మామ ఆ పేస్ట్ ముక్కను కొనగోళ్లతో లాగి నాయన చేతిలో పెట్టాడు. చింతగింజ అంత ఉంది. నాయన దాన్ని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. పైపు తనే తీసుకుని కిరసనాయిలు తొట్టిలో కడిగాడు. మామ కూలి రెండు వందలు, ప్యాకింగ్ ఖర్చు వేరే.

రెండు గాజులు తర్వాత విడిపించాం. మిగతా రెండూ వేలానికి పోయాయి.

పదో తరగతి అయిపోయిన ఎండాకాలం నాయన నన్ను తీసుకొచ్చి అదే షెడ్డులో పెట్టాడు. "విప్పకముందు చూడటం నేర్పించు మేస్త్రీ" అన్నాడు. ఇంకేం అడగలేదు.

* * *

షెడ్డులో పొద్దున ఏడింటికి పని మొదలయ్యేది. ముందు నేల ఊడ్చి రంపపు పొట్టు చల్లాలి. తిరుప్పూరు నుంచి వచ్చే బనియన్ వేస్ట్ మూట విప్పి పనికొచ్చే గుడ్డలు వేరు చేయాలి. స్పానర్లు సైజు ప్రకారం గోనె మీద పరచాలి. నాతోపాటు ఇంకో ఇద్దరు కుర్రాళ్లు ఉండేవాళ్లు. ఒకడు తమిళం, ఒకడు కావలి వాడు. మామ మా ముగ్గురితో మూడు రకాలుగా మాట్లాడేవాడు, నాతో మాత్రం అచ్చం మా ఊరి మాటే. "ఏంది అబ్బయ్యా, చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడినావు? చెవులు పెట్టుకుని నిలబడు."

చెవులు పెట్టుకోవడం నిజంగా ఒక పని. టర్బోకు ఒక ఈల ఉంటుంది. నిమిషానికి లక్ష చుట్లు తిరిగే ఇరుసు అది. గొట్టం క్లిప్పు వదులైతే ఈల పక్కన ఉస్సుమని గాలి కారే చప్పుడు కలుస్తుంది. స్టాపర్ లాగి ఇంజిన్ ఆపాక కూడా టర్బో కాసేపు తనంతట తాను తిరిగి, సన్నగా, సన్నగా తగ్గి ఆగుతుంది. మామ ఆ ఈల ఎంతసేపు నిలిచిందో వేళ్ల మీద లెక్క పెట్టేవాడు. ఠక్కున ఆగిపోతే బేరింగ్ పట్టేస్తోందని అర్థం. రోడ్డు మీద హారన్లు మోగుతున్నా, పక్క షెడ్డులో సమ్మెట దెబ్బలు పడుతున్నా ఆ ఈల ఆయనకు వినపడేది. నాకు వినపడటానికి ఏడాది పట్టింది.

ఎత్తు ఎక్కి వచ్చిన బండిని డ్రైవర్లు హోటల్ ముందు ఆపగానే స్టాపర్ లాగేస్తే మామకు కోపం వచ్చేది. ఎర్రగా కాలిన టర్బోకు ఆయిల్ ఆగిపోతే, లోపలున్న ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచి తర్వాత ఆపాలి. "నువ్వు పరిగెత్తుకొచ్చి నీళ్లు తాగకుండా పడుకుంటావా?" అని అడిగేవాడు డ్రైవర్లను.

ఇంక ఆయన క్యాలెండర్ కాగితాలు. నెల మారగానే పాత నెల కాగితం చింపి దాచేవాడు. వెనక వైపు తెల్లగా ఉంటుంది గదా, దాన్ని సైలెన్సర్‌కు జానెడు దూరంలో పట్టుకుని క్లీనరును నాలుగుసార్లు రేసు ఇమ్మనేవాడు. కాగితం మీద పొడి మసి పడితే గాలి తక్కువో, డీజిల్ ఎక్కువో. జిడ్డు మరకలు పడితే ఆయిల్. తడిసి డీజిల్ వాసన వస్తే మండకుండానే బయటకు వస్తోంది. కాగితం మూలన పెన్సిల్‌తో బండి నంబరు రాసి, బిల్లులు గుచ్చే కమ్మీకి గుచ్చేవాడు. తేదీ రాసేవాడు కాదు, ముందు వైపు నెల ఉందిగా అనేవాడు. ఆరు నెలల తర్వాత అదే బండి వస్తే పాత కాగితం తీసి కొత్త దాని పక్కన పెట్టి చూసేవాడు. మేము రక్త పరీక్షల రిపోర్టులు దాచుకున్నట్టు ఆయన మసి దాచాడు.

* * *

నల్ల పొగ గురించి డ్రైవర్లందరికీ ఒక నమ్మకం ఉండేది. పొగ నల్లగా కొడితే బండికి బలం ఉన్నట్టు. "డీజిల్ పెంచండి మేస్త్రీ, పుల్లింగ్ చాలట్లేదు" అని వచ్చేవాళ్లు. డీజిల్ పంపు మీద స్క్రూ తిప్పితే డీజిల్ పెరుగుతుంది, నిజమే. అన్నం వండేటప్పుడు కట్టెలు ఎక్కువ తోసి గాలి ఊదకపోతే పొయ్యి మండుతుందా, పొగ చూరుతుందా అని మామ ఎదురు ప్రశ్న వేసేవాడు.

ఒకసారి చెన్నై పోర్టుకు ఇనుప ఖనిజం తోలే బండి వచ్చింది. బొగ్గులాంటి నలుపు పొగ, ఎత్తు ఎక్కడం లేదు. ఓనరు అప్పటికే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్పించాడు, పంపు కాలిబ్రేషన్ చేయించాడు. మామ ఎయిర్ ఫిల్టర్ విప్పించి నేల మీద తట్టమన్నాడు. ఎర్ర దుమ్ము కుంకం కుప్పలా పడింది. గాలి అందక ఆ ఇంజిన్ అన్నాళ్లూ ఊపిరి బిగబట్టి బతికింది. పైగా ఫిల్టర్ అట్లా మూసుకుపోతే టర్బో గాలి కోసం గట్టిగా పీల్చి, తన లోపలి ఆయిల్‌నే లాక్కుంటుంది. అంటే నల్ల పొగ జబ్బే కొన్నాళ్లకు నీలం పొగ జబ్బు అవుతుంది. ఆ బండి మానిఫోల్డు గొట్టంలో అప్పటికే కొంచెం తడి కనిపించింది.

గొట్టం సంగతి కూడా చెప్పాలి. టర్బో నుంచి పోయే రబ్బరు గొట్టం మీద మామ అరచేయి వేసి రేసు ఇమ్మనేవాడు. గాలి నిండితే గొట్టం చేతి కింద గట్టిపడాలి. మెత్తగానే ఉంటే ఎక్కడో కారుతోంది. అప్పుడు సబ్బు నీళ్లు. బుడగ ఎక్కడ లేస్తే అక్కడ. ఒక్క క్లిప్పు బిగిస్తే నల్ల పొగ పోయి, బండి పరుగెత్తిన రోజులు చాలా చూశాను. క్లిప్పు ఖరీదు కన్నా టీ ఖర్చు ఎక్కువయ్యేది.

తెల్ల పొగతోనే నేను ఎక్కువ తికమక పడ్డాను. తెల్లది రెండు రకాలు. రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి దిగి ఆవిరిగా వచ్చేది ఒకటి, మండని డీజిల్ మంచులా వచ్చేది ఇంకొకటి. పుస్తకాల్లో కూలెంట్ తీపి వాసన వస్తుందని రాసి ఉంటుంది. మా డ్రైవర్లు చాలామంది రేడియేటర్‌లో బోరింగ్ నీళ్లే పోసేవాళ్లు, ఇంక తీపి ఎక్కడిది? అందుకే మామ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆ పొగ ఎంతసేపు నిలబడింది?" ఆవిరి అయితే నాలుగు గజాలు పోయేలోపు గాలిలో కలిసిపోతుంది. డీజిల్ అయితే అట్లాగే వేలాడుతుంది, కళ్లు మండిస్తుంది. ఆవిరి అనిపిస్తే చల్లని ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించేవాడు. బుడగలు ఆగకుండా వస్తే ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్‌కెట్ పోయినట్టు. డీజిల్ అయితే ఒక్కో నాజిల్ పైపు నట్టు వరసగా వదులు చేయించేవాడు. ఏ సిలిండర్ పైపు వదిలినప్పుడు పొగ ఆగిందో, ఇంజిన్ చప్పుడు మాత్రం మారలేదో, దొంగ అక్కడున్నాడు.

ఆ నాజిల్ తీసి టెస్టర్ మీద పెట్టి చేత్తో కొడితే మంచి నాజిల్ కిర్ర్‌మని పొగమంచులా చిమ్ముతుంది. చెడ్డది చుక్కలు కారుస్తుంది. ఒకరోజు ఆ మంచు అందంగా ఉందని నేను వేలు అడ్డం పెట్టబోయాను. మామ నా చెంప మీద గట్టిగా కొట్టాడు. జీవితంలో ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. తర్వాత సాయంత్రం టీ కొట్లో నాకు బన్ను ఇప్పించి, "నొప్పిగా ఉందా అబ్బయ్యా" అని అడిగాడు. చెంప సంగతే అడిగాడో, ఇంకేదైనా అడిగాడో నాకిప్పటికీ తెలియదు. లేదు మామా అన్నాను.

పొద్దున మొదటి స్టార్ట్‌కు మాత్రమే గుప్పున నీలం వచ్చి ఆగిపోతే వాల్వ్ గైడ్లు, అంటే వాల్వ్ కాడలు ఆడే గొట్టాలు, అరిగినట్టు. రాత్రంతా ఆయిల్ బొట్టు బొట్టుగా దిగి ఉంటుంది. బెంగళూరు నుంచి వచ్చే డ్రైవర్లయితే, మొగిలి ఘాటు దిగి కింద మళ్లీ యాక్సిలేటర్ తొక్కినప్పుడు వెనకాల నీలం మేఘం లేచింది అని చెప్పేవాళ్లు. అదీ గైడ్లే. దానికి ఇంజిన్ బోరు చేయక్కర్లేదు, హెడ్డు పని చాలు. గైడ్ల పని అయ్యాక ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉంచే సన్నటి సందులు, సెట్ చేసే పని నాకు అప్పజెప్పేవాడు. ఆ ఇంజిన్‌కు ఇన్‌లెట్ పది థౌ, ఎగ్జాస్ట్ ఇరవై థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. సిలిండర్లు మండే ఫైరింగ్ వరస 1-5-3-6-2-4. ఈ అంకెలు నాకు ఇప్పుడు కూడా ఎక్కం లాగా వస్తాయి.

* * *

ఎఫ్‌సీ, అంటే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్ష, ముందు రోజు షెడ్డు ముందు లారీలు వరస కట్టేవి. అప్పట్లో పొగ మీటరులో 65 దాటకూడదు. హార్ట్‌రిడ్జ్ యూనిట్లు అంటారు, పొగ ఎంత వెలుతురును అడ్డుకుంటుందో చూసే లెక్క. న్యూట్రల్‌లో పెట్టి ఒక్కసారిగా ఫుల్ రేసు ఇచ్చి కొలుస్తారు. కొందరు ఓనర్లు పంపు స్క్రూ తగ్గించి రేపటికి పాస్ చేయించు, ఎల్లుండి మళ్లీ పెంచు అని అడిగేవాళ్లు. చుట్టుపక్కల ఆ పని చేసేవాళ్లు ఉన్నారు, డబ్బులూ బాగా వచ్చేవి. మామ ఒప్పుకునేవాడు కాదు. అరవడం, ఉపన్యాసం ఏమీ ఉండేవి కాదు. "మన షెడ్డులో ఆ పని లేదయ్యా" అని తన పని తాను చూసుకునేవాడు. అట్లా తిరిగిపోయిన బండ్లను నేను లెక్కపెట్టి బాధపడేవాణ్ణి. ఆ నెల అద్దె ఎట్లా కట్టాడో అని భయమేసేది.

ఆదివారాల్లో పుదుప్పేటకు వెళ్లేవాళ్లం. పాత బండ్లు విడదీసి అమ్మే సందులు. టర్బో కోర్లు బుట్టల్లో కొబ్బరికాయల్లా పోసి ఉండేవి. ఒక్కోటి తీసి ఇరుసు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, కదిపి చూసి, పది చూస్తే ఒకటి కొనేవాడు. బెంగళూరు మైకో నాజిళ్లు అసలువి ఏ కొట్లో దొరుకుతాయో, నకిలీవి ఎక్కడ అమ్ముతారో ఆయనకు తెలుసు. కంపెనీ పేరు 2008లో బాష్ అయింది గానీ మామ నోట్లో చివరిదాకా మైకోనే.

ఆయుధ పూజ రోజు స్పానర్లన్నీ కడిగి, విభూది కుంకం పెట్టి, అరటి పిలకలు కట్టి, బొరుగులు, పుట్నాలు పంచేవాళ్లం. షెడ్డు ముందు బూడిద గుమ్మడికాయ కొట్టేవాళ్లం. ఆ ఒక్కరోజే షెడ్డులో పొగ వాసన కాకుండా సాంబ్రాణి వాసన వచ్చేది.

* * *

మామ ఏనాడూ బీడీ ముట్టలేదు. చివరి నాలుగైదేళ్లు దగ్గు పట్టుకుంది. పది అడుగులు వేస్తే ఆయాసం. ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే చూసి, "రోజుకు ఎన్ని తాగుతారు?" అని అడిగింది. అత్త ఒక్కసారిగా, "ఒక్కటి కూడా కాదమ్మా" అంది. నలభై ఏళ్లు లారీల వెనకాల నిలబడ్డాడని నేను చెప్పాను. ఆమె రాసుకుని, ఇంకేం అడగలేదు.

డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేరుస్తున్నట్టు 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చెప్పింది. మామకు క్యాన్సర్ రాలేదు, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ఏది దేనివల్ల అని నేను తేల్చి చెప్పలేను. కానీ మేము అన్నేళ్లలో ముక్కుకు ఒక గుడ్డ కూడా కట్టుకోలేదు. కట్టుకుంటే వాసన తెలియదు గదా. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

చివర్లో ఆయనకు వాసనలు తెలియకుండా పోయాయి. అత్త పోపు పెడుతుంటే వంటింట్లో ఏం చేస్తున్నావని అడిగేవాడు. నేను వెళ్తే నా చొక్కా పట్టుకుని, "ఏ బండి?" అనేవాడు. నేను ఇప్పుడు ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ సర్వీస్ విభాగంలో పనిచేస్తున్నాను. మా బండ్లన్నీ బీఎస్ 6, అంటే కొత్త పొగ నిబంధనల ప్రకారం చేసినవి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవి. సైలెన్సర్ లోపల మసి పట్టే ఫిల్టర్, దాని ముందూ వెనకా ప్రెషర్ కొలిచే సెన్సర్లు, యూరియా నీళ్ల ట్యాంకు. సైలెన్సర్ మూతిని తెల్ల రుమాలుతో తుడిస్తే రుమాలు తెల్లగానే ఉంటుంది. జబ్బు ల్యాప్‌టాప్‌లో కోడ్ నంబరుగా వస్తుంది. ఇది మంచిదే. మా కుర్రాళ్ల ఊపిరితిత్తులు మామ ఊపిరితిత్తుల్లా కాకూడదు. అది మామకు చెప్తే, "పొగ రాకపోతే మరి ఎట్లా చూస్తార్రా?" అని ఆశ్చర్యంగా అడిగాడు. చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "అదీ చూడటమేలే" అన్నాడు.

* * *

ఆ పొద్దున కిందకు దిగి డ్రైవరు దగ్గరకు వెళ్లాను. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. తమిళంలో పలకరించాను. ఇంతలో వాళ్లమ్మ ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడాడు. ఊత్తుకోట పక్క అంట. ఆ తర్వాత సార్ పోయి అన్నా అయ్యాను.

"ఓనరుకు ఇంజిన్ పని అని చెప్పినారన్నా. లక్షకు పైన అవుతాదంట" అన్నాడు.

నాకు గుండె కొట్టుకుంది. నాయన బండే గుర్తొచ్చింది. అదే ఇంజిన్, అదే పొగ, అదే మాట. ఇది కూడా కింది పైపే అయి ఉండాలని మనసులో గట్టిగా కోరుకున్నాను. ఇంట్లోకి వెళ్లి పోయిన నెల క్యాలెండర్ కాగితం చింపుకొచ్చాను. పట్టుకుంటే జిడ్డు చుక్కలు పడ్డాయి. పొద్దున వస్తుందా, స్లోలోనా, ఎత్తులోనా అని అడిగాను. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఎక్కువ అన్నాడు. అది నాకు నచ్చని జవాబు.

ఆయిల్ మూత విప్పించి తిరగేసి బోర్లించాను. మూత నిలబడలేదు. టపటపా కొట్టుకుని, దొర్లి కింద పడింది. రంధ్రం మీద అరచేయి పెడితే ఆయిల్ తుంపర్లు. అయినా మనసు ఒప్పుకోక టర్బో గొట్టం కూడా విప్పించాను. లోపల పొడి. కింది పైపులో సన్నటి వైరు పోనిస్తే అడ్డం లేకుండా దిగింది. ఇంక చూడటానికి ఏమీ మిగల్లేదు.

"వాళ్లు చెప్పింది నిజమే తమ్ముడూ. రింగులు, బోరు పోయాయి" అన్నాను.

అతను పెద్దగా బాధపడలేదు. "ఓనరు ఈ బండికి ఇంక డబ్బు పెట్టడన్నా. ఎండాకాలం సీజన్ దాకా తోలి, పుదుప్పేటలో ఇచ్చేస్తా అంటున్నాడు. అందాకా ఉంటాదా?"

ఉంటుంది అన్నాను. ఆయిల్ రోజూ పొద్దున చూసుకోమన్నాను, గీత దాటి పోయొద్దన్నాను, ఎక్కువ పోస్తే అదీ పొగే. ఎయిర్ ఫిల్టర్ మార్పించమన్నాను. ఎత్తులో పెద్ద గేర్‌లో ఈడ్చొద్దన్నాను. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాను. నేను చెప్పేవన్నీ అతను శ్రద్ధగా విన్నాడు. ఆ క్యాలెండర్ కాగితం అడిగి తీసుకుని, మడిచి సన్‌వైజర్‌లో పెట్టుకున్నాడు.

తర్వాత వారం మళ్లీ అయిదున్నరకు వచ్చింది బండి. ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. నేను రెండు గ్లాసుల టీ తీసుకుని దిగాను. సంపులోకి నీళ్లు పడుతున్నాయి. టీ తీసుకుంటూ చెప్పాడు:

"అన్నా, నిన్న రెడ్‌హిల్స్ దగ్గర ముందు పోతున్న బండి తెల్ల పొగ కొట్టింది. అది నాజిలా, గ్యాస్‌కెట్టా?"

"ఆ పొగ ఎంతసేపు నిలబడింది?" అని అడిగాను.